తలుపు వెనక వాక్యం

నవంబర్ 4

దగ్గుగారు ఇవాళ రెండుసార్లు దగ్గారు. మొదటి దగ్గుకి కాపీ చదివే ఆవిడ ఉద్యోగం పోయింది. రెండో దగ్గుకి ఆవిడ పని నా నెత్తిన పడింది. మా ప్రచురణ సంస్థ యజమానికి ఆ పేరు పెట్టింది నేనే. చెడ్డమాట చెప్పేముందు ఆయన గొంతు సవరించుకోకుండా ఉండలేరు. అది విన్నప్పుడల్లా ఎవరికో మూడినట్టే.

"రోజులు బాగా లేవమ్మాయ్. ఫ్యాక్టరీలే మూతబడుతుంటే పుస్తకాలెవరు కొంటారు? ఈ ఒక్క పిల్లల నవల డిసెంబర్లో వచ్చేస్తే చాలు. మీ ఇంట్లో చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని కానిచ్చెయ్."

కానిచ్చెయ్. అంట్లు తోమడంలాగా.

ఇంట్లో ఎవరికి నేర్పను? ప్రూఫు చూడాలంటే ఇద్దరుండాలి. ఒకరు రచయిత రాతప్రతి పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. రెండోవాళ్ళు ప్రూఫు మీంచి కన్ను తీయకూడదు. రాతప్రతిలోకి తొంగిచూసే అలవాటు నాకు మొదటి వారంలోనే మాన్పించారు. కన్ను రెండుచోట్ల తిరిగితే రెండుచోట్లా తప్పులు జారిపోతాయి. చెవికి వినపడ్డది కంటికి కనపడకపోతే తప్పు ప్రూఫుదే. హంసపాదు పెట్టి, పడిపోయిన మాట పక్కన రాసెయ్యడమే. ఎందుకు, ఏమిటి అని అడగడం ఈ పనిలో లేదు.

పిన్ని కూతురికి పదో తరగతి పరీక్షలు. మిగిలింది పిన్ని. కుట్టు ఫ్యాక్టరీ మూసేసినప్పటినుంచి నాలో లోపాలు వెతకడం తప్ప ఆవిడకి వేరే పని లేదు.

నవంబర్ 5

"చదువుకున్నదానివి నువ్వు. చదవాల్సింది నేనా?"

"పైకి చదివితే చాలు పిన్నీ. ఆలోచించక్కర్లేదు."

"ఆలోచించక్కర్లేని పనా? అందుకేనా నీకిచ్చారు!"

చెల్లి లెక్కల పుస్తకం చాటున కిసుక్కుమంది. పిన్ని కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుని, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టింది. జన్మంతా చొక్కాలకు కాలర్లు కుట్టిన మనిషి, చదవడం కూడా అలాగే చదువుతుంది. ఒకటే వేగం, ఒకటే గొంతు. కామా వచ్చినప్పుడల్లా పళ్ళతో దారం తెంపినట్టు తెంపుతుంది. కాపీ చదివే ఆవిడ కంటే బాగా చదువుతుందని ఇక్కడ రాస్తున్నాను కానీ పిన్నితో మాత్రం చచ్చినా అనను.

ఇక నవల. కష్టకాలం. ఊళ్ళో పని లేదు, తిండి లేదు, పొయ్యిలోకి పుల్ల లేదు. జనం ముందు కుర్చీలు తగలేశారు, తర్వాత మంచాలు, ఆ తర్వాత తలుపులు. అమ్మా నాన్నా లేని ఒక పిల్లకి తనవాళ్ళ గురించి గుర్తున్నది ఒక్కటే: వాళ్ళ ఇంటి తలుపు నీలం రంగు. తలుపులన్నీ పొయ్యిలో పడుతున్న ఊళ్ళో నీలం తలుపు వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతుంది. ఊహ బాగుంది. పాడుచేసింది రాయడంలో. పేజీకోసారి పిల్ల కళ్ళు మిలమిలా మెరుస్తాయి. తిండి లేని పిల్ల కళ్ళు మెరవవు, పుసి కడతాయి. అనాథల హోములో నా పక్కమంచం పిల్ల కళ్ళు పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిస్తే గానీ తెరుచుకునేవి కావు. ఈ రచయిత్రి ఏనాడైనా ఒక్కపూట ఆకలితో పడుకుందా అని అడగాలని ఉంది.

పిన్ని చదువుతూ చదువుతూ "ఈ పిల్లకి జలుబు చెయ్యదా?" అంది. చలిలో చెప్పులు కూడా లేకుండా తిరుగుతోందట. మూడో అధ్యాయంలో చెప్పులిచ్చేసి రొట్టెముక్క తీసుకుంది మరి.

"చదువు పిన్నీ. వ్యాఖ్యానం వద్దు."

"వ్యాఖ్యానం ఫుల్‌స్టాప్," అంది.

నవంబర్ 7

నెలాఖరుకల్లా ఈ ఇల్లు ఖాళీ చెయ్యాలి. పిన్ని వేరే చోటు చూసి వచ్చింది.

"ఒకటే గది. ఇద్దరు పడుకుంటే నిండిపోతుంది."

నావైపు చూడకుండా గరిటె కడుగుతూ అంది. కడిగిన గరిటెనే మళ్ళీ కడిగింది. తర్వాత, "నీకు ఉద్యోగం ఉందిగా" అంది.

అంతే. ఇంకేం లేదు.

సరే. మంచిదే. నేనే వెళ్ళిపోదామనుకుంటున్నాను ఎప్పటినుంచో.

నవంబర్ 8

నేనే వెళ్ళిపోదామనుకుంటున్నాను.

నవంబర్ 10

ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్ చూసి వచ్చాను. గదికి ఇద్దరు. నాకు చూపించిన గదిలో ఒక నర్సు ఉంటోంది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులతోనే నిద్రపోతోంది పాపం. కిటికీ ఉంది, తెరుచుకోదు. అలమారా ఉంది, మూసుకోదు. తలుపుకి మాత్రం మంచి గడియ ఉంది. వార్డెన్ ఒక్కటే అడిగింది: "ఊళ్ళో నీవాళ్ళు ఎవరమ్మా?"

"ఎవరూ లేరు."

"మరి ఈ అడ్రసు ఎవరిది?"

"అక్కడ ఉంటున్నాను. అంతే."

ఆవిడ నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. జాలి కాదు. సామాను మీద చీటీ చదువుతున్నట్టు చూస్తారు.

నవంబర్ 12

ఐదో అధ్యాయం. ఎవరో ఆనవాలు చెప్తే పిల్ల వాళ్ళ పిన్నిని వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కుతుంది. అవును, పిన్నే. రచయిత్రికి నేనేమీ చెప్పలేదు. ఆవిడకెవరూ చెప్పలేదు. ప్రపంచంలో పిన్నులందరూ ఒకే అచ్చులో పోసి తీసినవాళ్ళేమో.

అది చదివించే ముందు మధ్యాహ్నమంతా ఆఫీసులో కూర్చుని నేను పిన్ని తలుపు తట్టిన రోజే తలుచుకున్నాను. నాకు ఏడేళ్ళు. అమ్మా నాన్నా పోయాక మేనత్త నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది. దారిలో కొత్త చెప్పులు కొంది, పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దవి. అడుగేస్తే టపాటపా కొట్టుకునేవి. తను కింద వీధిలో నిలబడి, "వెళ్ళు, వెళ్ళి తలుపు తట్టు, నిన్ను చూస్తే కాదనదు" అని నన్ను మెట్లెక్కించింది. తట్టాను. పిన్ని తలుపు తీసింది. నన్ను చూసింది, నా సంచి చూసింది, వెనక్కి తిరిగి లోపలికి చూసింది. లోపల బాబాయి రేడియో వింటున్నాడు. తలుపు వేసేసింది. కాదని కూడా చెప్పలేదు. మాటే అనలేదు. నేను టపాటపా దిగి వచ్చేశాను.

రెండేళ్ళు హోములో ఉన్నాను. ఒకరోజు చంకలో పసిపిల్లతో వచ్చి, సంతకం పెట్టి, "పద" అంది. బాబాయి ఇల్లొదిలి వెళ్ళిపోయిన నెల అది. చంటిదాన్ని ఎత్తుకోవడానికి మనిషి కావాలి కదా, నేనున్నాను. లెక్క సరిపోయింది. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క అంతే వస్తుంది.

సాయంత్రం పిన్ని గోడకానుకుని కూర్చుంది. నేను కావాలనే ఆ పేజీ దగ్గర నెమ్మదిగా చదవమన్నాను. ఆవిడ నోటితో ఆవిడే చదవాలి. వినాలనుంది నాకు. చెడ్డదాన్నే.

"పిన్ని తలుపు తీసింది ఫుల్‌స్టాప్. పిల్లని పైనుంచి కిందికి చూసింది ఫుల్‌స్టాప్. కోట్ మాకే చోటు లేదు ఫుల్‌స్టాప్ కోట్ పూర్తి, అంది ఫుల్‌స్టాప్. తలుపు వేసింది ఫుల్‌స్టాప్."

ఆగింది. నేను ప్రూఫు మీంచి తల ఎత్తలేదు, ఎత్తకూడదు. మంచినీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ అదే వేగంతో, అదే గొంతుతో:

"తలుపు వెనకే నేలమీద కూర్చుండిపోయింది కామా పిల్ల చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయేదాకా లేవలేదు ఫుల్‌స్టాప్. పేరా."

ప్రూఫులో అది లేదు. టైపు చేసేవాడు వాక్యానికి వాక్యం మింగేశాడు. వాడి కళ్ళలో దుమ్ము కొట్ట! హంసపాదు పెట్టి మార్జిన్లో రాసుకున్నాను. రాస్తూ అనుకున్నాను, ఈ రచయిత్రి ఇంతవరకూ రాసినవాటిలో పనికొచ్చే వాక్యం ఇదొక్కటే అని.

కానీ నమ్మను. తలుపులు వేసేవాళ్ళు తలుపు వెనక కూర్చోరు. వెళ్ళి రేడియో వింటారు.

నవంబర్ 15

ఇల్లంతా మూటలు. పిన్ని ఒక్కో వస్తువూ తీసి ఉంచాలా పారెయ్యాలా అని దాంతోనే గొడవపడుతోంది. పెద్ద మంచం ఎవరికో ఇచ్చేసింది. నా పెట్టె జోలికి మాత్రం రాలేదు.

చెల్లి వచ్చి నా పక్కన కూలబడింది.

"అక్కా, అమ్మ నిన్నొక మాట అడగమంది."

"ఏంటట?"

"నీ పెట్టె ఎక్కడ పెట్టాలని."

"నా పెట్టె నాతోనే వస్తుందని చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా? రెండడుగుల దూరంలో ఉంది."

"నిన్నడగమన్నావిడ నన్నే అడగొచ్చుగా?"

"మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమేన్ని అయిపోయాను బాబూ," అని విసుక్కుంటూ వెళ్ళింది. వెళ్ళి అమ్మకేం చెప్పిందో వినిపించలేదు. పిన్ని గొంతు మాత్రం ఇంటి గోడలకి వినిపించేలా లేచింది: "పెట్టుకోమను! ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమను! నాకేం పట్టింది!"

నా పెట్టె కూడా అడ్డమే.

నవంబర్ 16

హాస్టల్ గది ఖాయం చేసుకున్నాను. పిన్నికి చెప్పాను. "ఓహో" అంది. కామా లేదు, ఏమీ లేదు.

నవంబర్ 19

రచయిత్రి ఆఫీసుకి వచ్చింది. ఆవిడకంటే ముందు అత్తరు వచ్చింది. మెడలో గొలుసుకి పెన్ను వేలాడేసుకుని తిరుగుతుంది, ఎక్కడ ప్రేరణ వస్తుందో తెలియదు కదా. సరిచేసిన పేజీలు దగ్గుగారి బల్లమీద దఢాలున పడేసింది.

"ఎవరు రాశారిది?"

ఐదో అధ్యాయం. నా చేతిరాత. నా హంసపాదు.

"మీరే రాశారండీ. టైపులో పోయింది. నేను సరిచేశాను."

"నేను రాశానా? ఏమ్మా, పిల్లకి చెప్పులెక్కడివి? మూడో అధ్యాయంలో చెప్పులిచ్చి రొట్టె తీసుకుంది కదా! ఐదులో చెప్పుల చప్పుడేంటి? నా పిల్ల కాళ్ళకి ఏముందో నాకు తెలియదా?"

రాతప్రతి తెచ్చి చూశారు. 'తలుపు వేసింది.' దాని కింద కొత్త పేరా. మధ్యలో ఏమీ లేదు. కొట్టివేత లేదు, ఇరికింపు లేదు, ఏమీ లేదు. దగ్గుగారు దగ్గారు. ఒక్కసారే, చిన్నగా. దాని అర్థం ఇంకా తేలలేదు.

"మా పిల్లలకి ఈమధ్య సొంత కవిత్వం ఎక్కువైందండీ," అన్నారు నన్ను చూపిస్తూ.

ఆ వాక్యం నాది కాదు. ఎవరిదో చెప్పబోయాను, చెప్పలేదు. రచయిత్రి వెళ్తూ వెళ్తూ, "సొంతంగా రాయాలనుంటే సొంత పుస్తకం రాసుకో అమ్మా" అంది. అత్తరు మాత్రం సాయంత్రం దాకా ఉండిపోయింది.

నవంబర్ 19, ఇంటికొచ్చాక

చెప్పులు.

నవంబర్ 20

అడిగేశాను.

"ఐదో అధ్యాయంలో ఆ వాక్యం ఎక్కడిది?"

"ఏ వాక్యం?"

"చెప్పులది."

పిన్ని దుప్పటి మడతపెడుతోంది. మూల మూలా కలిపి, చేత్తో ఇస్త్రీ చేసినట్టు రాసింది. "కళ్ళు సరిగ్గా కనపడటం లేదు. ఏదో చదివుంటాను."

"కళ్ళు కనపడకపోతే మాటలు పోతాయి పిన్నీ. పుట్టుకురావు."

"అయితే కొట్టెయ్. పెన్సిల్ నీ చేతిలోనే ఉందిగా."

"ఆ పుస్తకంలో పిల్లకి చెప్పుల్లేవు."

దుప్పటి మడత విప్పేసింది. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. "తెలుసు," అంది.

అంతకంటే ఒక్క ముక్క రాలేదు ఆ నోట్లోంచి. నేనూ అడగలేదు. అడగాల్సింది నేను కాదు. చెప్పాల్సింది తను.

ఎవరైనా ఈ మాట వింటే, అయ్యో ఆవిడ మనసు ఎంత కొట్టుకుందో అంటారు. రచయిత్రి అయితే కళ్ళు మిలమిలా మెరిపిస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళూ ఆ తలుపుకి అవతల మనిషి లేదనుకున్నాను. తలుపు వేసి, లోపలి గదిలోకి వెళ్ళి, నన్ను మర్చిపోయిన మనిషి మీద కోపం పెట్టుకున్నాను. అది తేలిక. ఇప్పుడు తెలిసిందేమిటి? మధ్యలో ఒక్క చెక్క ఉంది, అంతే. నేను మెట్లు దిగుతుంటే వింటూ కూర్చుంది. ప్రతి అడుగూ వింది. వింటూ లేవలేదు. రేడియో భయమో, ఆ రేడియో వింటున్నవాడి భయమో, అది తనది. చెయ్యి చాపితే గడియ అందుతుంది కదా!

మర్చిపోయినవాళ్ళని క్షమించొచ్చు. విన్నవాళ్ళని ఎలా?

నవంబర్ 22

దగ్గుగారు దగ్గకుండా నన్ను పిలిచారు. అదే భయం వేసింది.

రచయిత్రి ఫోన్ చేసిందట. ఆ వాక్యం ఉంచమందట. 'చెప్పుల చప్పుడు' తీసేసి 'పాదాల చప్పుడు' అని పెట్టమందట. మొదటి ప్రతిలో తనే రాసి, సాపు రాసేటప్పుడు మర్చిపోయిందట. "మహా రచయితలకి అలా జరుగుతుంటుంది," అన్నారు దగ్గుగారు ఎంతో గౌరవంగా. "నువ్వేం మనసులో పెట్టుకోకు అమ్మాయ్."

పాదాల చప్పుడు! వట్టి పాదాలు మెట్లమీద చప్పుడు చేస్తాయా? తలుపు వెనకకి వినపడతాయా? దొంగతనం చేసినప్పుడు కనీసం పాడు చెయ్యకుండా దొంగిలించాలి.

పెన్సిల్ తీసుకుని 'చెప్పుల' కొట్టేసి 'పాదాల' అని రాశాను. చేతికి ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నమంతా ఏమీ అనిపించలేదు.

నవంబర్ 24

హాస్టల్‌కి వచ్చేశాను. పెట్టె, పరుపు చుట్ట, పుస్తకాల సంచి. పిన్ని మెట్ల దాకా కూడా రాలేదు. వంటింట్లో నిలబడి, "దిండు తీసుకున్నావా?" అని కేకేసింది. నేను మెట్లు దిగుతూనే ఉన్నాను. చెల్లి ఏడ్చింది. దానికి ప్రతిదానికీ ఏడుపే.

ఆఖరి అధ్యాయం రాతప్రతి అక్కడే అలమారాలో ఉండిపోయింది. మర్చిపోయాను. అంత హడావుడిలో ఎవరైనా మర్చిపోతారు.

నవంబర్ 25

హాస్టల్ బాగుంది. ఎవరూ ఎవరినీ పలకరించరు. చాలా బాగుంది.

నవంబర్ 26

దిండు తెచ్చుకోవాల్సింది.

నవంబర్ 29

వాళ్ళు కొత్త గదికి మారి ఉంటారు ఇవాళ. మారారో లేదో నాకెందుకు.

ఆఖరి అధ్యాయం సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి. నర్సుని చదవమంటే ఆవిడ తెల్లబోయి చూసింది, "రాతప్రతేది?" అంది. అవును కదా.

డిసెంబర్ 1, ఆదివారం

మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. నర్సు డ్యూటీకి వెళ్ళింది.

"ఎవరు?"

"నేనే."

ఆ గొంతుకి పేరెందుకు. నేను మంచం దిగాను. గడియ దాకా వెళ్ళాను. చెయ్యి గడియ మీద పెట్టి, అక్కడే ఆగిపోయాను. ఎందుకాగానో రాయను. ఏడేళ్ళ పిల్లకి ఇవ్వని సమాధానం ఇరవై మూడేళ్ళదాన్ని అడిగితే నేనేం చెప్తాను.

"నీ కాగితాలు తెచ్చాను. రేపు పొద్దున్నకి కదా."

"తలుపు కిందనుంచి తొయ్యి."

"నలిగిపోతాయి. మహా రచయిత్రిగారివి."

"మరైతే అక్కడే పెట్టి వెళ్ళు."

"పెట్టి వెళ్తే ఎవరు చదువుతారు? నీ నర్సా?"

తలుపుకి ఆనుకుని నేలమీద కూర్చున్నాను. కాళ్ళు లాగుతున్నాయి, అందుకు. వెళ్ళిపోతున్న చప్పుడు కోసం చూశాను. రాలేదు. మోకాళ్ళు పటుక్కుమన్న చప్పుడు వచ్చింది. అవతల తనూ కూర్చుంది. కాగితాలు సర్దుకుంది. కళ్ళజోడు పెట్టె మూత తెరిచింది.

"పదకొండో అధ్యాయం," అని మొదలుపెట్టింది. "తెల్లవారింది ఫుల్‌స్టాప్. పొగ తప్ప ఊళ్ళో ఏమీ కనపడటం లేదు ఫుల్‌స్టాప్."

ఏం చెయ్యను? ప్రూఫు నా బల్లమీదే ఉంది. లేచి తెచ్చుకున్నాను.

అలా సాగింది. తలుపుకి ఇటు నేను, అటు పిన్ని. వరండాలో నడిచే అమ్మాయిలు ఆవిడని దాటుకుంటూ వెళ్తున్నారు. ఎవరో "ఆంటీ, పూజ చేస్తున్నారా?" అని అడిగింది. "కాదమ్మా, ఉద్యోగం," అంది పిన్ని. ఇంకెవరో "తలుపు తియ్యట్లేదా ఆంటీ? వార్డెన్‌ని పిలవనా?" అంది. "వద్దమ్మా కామా," అంది. నాకు నవ్వొచ్చింది. నోరు మూసుకున్నాను, వినపడనివ్వలేదు.

ఆఖరి పేజీ. పిల్ల ఊరి చివర ఒక గుడిసె దగ్గరికి వస్తుంది. దానికి తలుపే లేదు. ముసలమ్మ ఒకావిడ నీలం రంగు చెక్క మీద పడుకుని ఉంటుంది. అందరూ తలుపులు తగలేస్తుంటే, ఆవిడ తన తలుపు ఊడదీసి మంచం చేసుకుంది. అమ్మమ్మ. కలిసిపోయారు. ఇంత చక్కగా ఎక్కడ కలుస్తారు మనుషులు?

"ఆ రాత్రి పిల్ల నీలం చెక్క మీద కామా అమ్మమ్మ పక్కన కామా మొదటిసారి నిద్రపోయింది ఫుల్‌స్టాప్."

నా ప్రూఫులో అక్కడితో అయిపోయింది. పెన్సిల్ పక్కన పెట్టబోయాను. అవతల గొంతు ఆగలేదు. అదే వేగం.

"కోట్. గది చిన్నదే కామా. కాళ్ళు ముడుచుకుని పడుకుంటే కామా ముగ్గురికి సరిపోతుంది ఫుల్‌స్టాప్. కోట్ పూర్తి."

వరండాలో ఎవరో బకెట్ నింపుకుంటున్నారు. అది నిండేదాకా ప్రూఫు ఆఖరి పేజీ తిప్పి తిప్పి చూశాను.

"నా దగ్గర అది లేదు," అన్నాను.

"టైపు చేసేవాడు మింగేసి ఉంటాడు."

"అక్కడున్నది ఇద్దరే. అమ్మమ్మా పిల్లా. మూడోవాళ్ళు ఎవరు?"

"నేను చదివేదాన్ని. ఆలోచించక్కర్లేదన్నావు."

"ఆ పేజీ చూడాలి నేను."

"తలుపు తియ్యి, చూపిస్తాను."

అనుమానం వస్తే రాతప్రతి చూడాల్సిందే. అది పని. దానికి వేరే దారి లేదు. తలుపు తీశాను. పేజీ చూడటానికే.

పిన్ని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. ఒళ్ళో కాగితాలు. పక్కన నా దిండు, కొత్త గలీబు తొడిగి. పేజీ నా చేతికిచ్చి గోడవైపు చూసింది. చూశాను. 'నిద్రపోయింది.' కింద రచయిత్రి సంతకం, దాని కింద తెల్లకాగితం.

"లేదు," అన్నాను.

"లేకపోతే కొట్టెయ్," అంది. లేవబోయింది, మోకాళ్ళు పట్టేశాయి. చెయ్యివ్వలేదు నేను. గోడ పట్టుకుని లేచింది. లేచాక నన్ను చూసింది. తలుపు తీసిన ఆ రోజు తర్వాత నన్ను అలా పైనుంచి కిందికి చూడటం ఇదే.

"చెప్పులు ఒక సైజు పెద్దవి కొంది మీ మేనత్త," అంది. "బుద్ధి లేదు దానికి. మెట్లమీద పడిపోతావేమోనని ఒకటే..."

మిగతాది మింగేసింది. ఫుల్‌స్టాప్ కూడా పెట్టలేదు.

డిసెంబర్ 2

ప్రూఫు ఇచ్చేశాను. ఆఖర్లో ఏమీ చేర్చలేదు. ఆ వాక్యానికి పుస్తకంలో పని లేదు.

ఈ పుస్తకం అయ్యాక ఏమిటని దగ్గుగారిని అడిగాను. దగ్గారు.

డిసెంబర్ 6

ముగ్గురికి సరిపోదు.

చెల్లి మోచెయ్యి నా పక్కటెముకల్లో ఉంటుంది. పిన్ని గురక ఒక వరసలో సాగి మధ్యలో టక్కున తెగుతుంది, కామాలు పెట్టినట్టు. నా పెట్టె పొయ్యికీ తలుపుకీ మధ్య పెట్టాం. తలుపు సగమే తెరుచుకుంటోంది. పొద్దున్నే దాని గురించి గొడవ.

"పెట్టె ఎక్కడ పెట్టాలో ముందే అడిగానా లేదా?" అంటుంది పిన్ని.

"నన్నడిగావా నువ్వు? చెల్లితో అడిగించావు."

"ఏదైతేనేం, చెప్పావా?"

"అమ్మా, అక్కా, నాకు పరీక్ష!" అంటుంది చెల్లి.

కొలిచి చూశాను. ఎలా పడుకున్నా, కాళ్ళు ఎంత ముడుచుకున్నా సరిపోదు. అబద్ధం చదివింది.